కోడె యెప్పుడు ఆబోతగును?

తెలుగు రైతు తన పశువులకు పెట్టుకొన్న పేళ్లలో చాల వివేకము కలదు. పాలు మఱవని మగబిడ్డ కోడెదూడ. మూపురము లేచి మెడ నిండిన వయసున అది కోడె. బీజములు కొట్టించి మెడపై కాడి పెట్టినచో ఎద్దు. కొట్టింపక మందకు విడిచినచో ఆబోతు. కోడె ఎద్దగుటకు ఒక ప్రాతఃకాలము చాలును. కాని కోడె ఆబోతగుట యెన్నడు? ఱంకె వేసిన నాడా? ఆవు వెంట తిరిగిన నాడా? రెండు పళ్లు వేసిన నాడా? ఈ ప్రశ్నకు మన పూర్వులొక విధముగను, దొరల కాలపు అధికారు లొక విధముగను, నేటి పశువైద్యు లొక విధముగను సమాధానము చెప్పిరి. ఆ మూడు సమాధానముల చరిత్రయే నేటి ప్రసంగము.

ఈ విషయమును నంద్యాల, ఆళ్లగడ్డ సీమలలో ముచ్చటించుకొనుట మిక్కిలి తగియున్నది. ఈ సీమకు తూర్పున నల్లమల, పడమట ఎఱ్ఱమల, నడుమ కుందేటి లోయ. లోయ నిండ నల్లరేగడి. వాన పడినచో బంక, ఎండ కాసినచో ఱాయి. ఇట్టి నేలలో గొఱ్ఱు, గుంటక నడుపవలె నన్న చిన్నపశువు పనికిరాదు. ఎత్తును ఎముకపుష్టియు కల జత కావలెను. కనుకనే యిచ్చటి రైతు ఒంగోలు జాతి గిత్త నంతగా ప్రేమించెను. నంద్యాల యను పేరునకు నంది యాలయమని పెద్దలు అర్థము చెప్పుదురు. ప్రథమనంది మొదలు మహానంది వఱకు తొమ్మిది నందిక్షేత్రము లీ ప్రాంతమునే కలవు. ఆవులగడ్డయే ఆళ్లగడ్డ యైన దని స్థానికులు చెప్పుకొను మాట. పేళ్లనుబట్టి చరిత్రను నిర్ణయింపరాదు గాని, వృషభము నింతగా గౌరవించు సీమలో ఆబోతును గూర్చి ప్రశ్నించుట అపచారము కాదు, ధర్మమే.

ముందు పూర్వుల మాట. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున గోవుల కొక అధ్యక్షుని నియమించి, నూఱు ఆవుల మందకు నాలుగు వృషభము లుండవలె నని లెక్క కట్టెను. అనగా ఒక్క ఆబోతునకు ఇరువదియైదు ఆవులు. నేడు విశాలమైన పచ్చికబయళ్లలో మందలు పెంచు దేశములవారు పాటించు లెక్కయు సుమారుగ నిదియే. మన యెఱ్ఱగుడి గుట్టపై శాసనములు చెక్కించిన అశోక చక్రవర్తి, ఉత్తరదేశమున నున్న తన యైదవ స్తంభశాసనములో, కొన్ని పర్వదినములందు వృషభములకు బీజములు కొట్టరాదనియు, మఱి కొన్ని దినములందు వానికి వాతలు వేయరాదనియు ఆజ్ఞాపించెను. నిషేధించినాడన్న ఆ యలవాట్లు రెండును క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమునాటికే లోకమున స్థిరపడి యుండె నని తెలియుచున్నది కదా! ఏ కోడెను ఉంచవలెను, దేనిని కొట్టింపవలె నను విచారము లేక ఇవి జరుగవు.

అంతకంటె స్పష్టమైన సాక్ష్యము విష్ణుస్మృతిలో నున్నది. వృషోత్సర్గ మను కర్మమును మీరెల్లరు ఎఱుగుదురు. పితరుల ఉత్తమగతికై ఒక వృషభమును స్వేచ్ఛగా విడుచుట. ఆ స్మృతి విధించిన క్రమమును గమనింపుడు. ఆశ్వయుజ, కార్తిక పౌర్ణములలో నొకనాడు విడువవలె ననిన తోడనే, మొట్టమొదట వృషభమును పరీక్షింపవలె నని చెప్పినది. మంత్రము తరువాత, పరీక్ష ముందు! ఏమి పరీక్ష? పాలు పుష్కలముగ నిచ్చునదియు, బ్రదికియున్న దూడలు కలదియు నైన ఆవుకు పుట్టినదై యుండవలెను. సర్వలక్షణములు కలదై యుండవలెను. మందను కాపాడగలదై యుండవలెను. పిదప నొకప్రక్క చక్రమును, వేఱొకప్రక్క శూలమును ముద్రించి, నాలుగు పెయ్యలతో గూడ విడువవలెను. తల్లి పాడిని, తోడబుట్టినవాని ఆయువును చూచి కోడెను ఎన్నుకొను మని చెప్పిన యా మాటకు నేటి పశుశాస్త్రజ్ఞులును తల యూపుదురు. వంశావళి యని వారు వ్రాసికొను పుస్తకములలో మొదటి పుట యిదియే.

ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో గోలక్షణముల కొక యధ్యాయమునే కేటాయించి, కన్నులు కొమ్ములు మొదలగు అవయవముల శుభాశుభములను వివరించెను. ఇవి యన్నియు కంటికి కనబడు లక్షణములు. బీజములోని బలమును చూచుటకు ఆ కాలమున సాధనము లేదు. కనుక వారు తల్లిని చూచిరి, దేహమును చూచిరి, నడకను చూచిరి. చూడదగిన దంతయు చూచిరి.

తరువాత నేమయ్యెను? కర్మము మిగిలెను, పరీక్ష పోయెను. మేలైన కోడెను విడువవలసిన గృహస్థు, దానికి సంతలో మంచి వెల పలుకుచుండగా మనసు రాక, చవుకగా దొరకిన దుర్బలపు దూడను తెచ్చి ముద్రవేసి విడువసాగెను. పితృఋణము తీఱె నని యతడు తలంచెను. ఊరి మందకు మాత్రము క్రొత్త ఋణము మొదలయ్యెను. అట్టి వృషభము చేలలో పడి మేసి బలిసి, ఊరి ఆవుల నన్నిటిని కట్టి, తనవంటి సంతానమునే నింపెను. 'అచ్చోసిన ఆబోతు' అను మాట మన భాషలో తిట్టుగా మాఱుటకు కారణమిది. అచ్చు అనగా ఆ చక్రశూలముల ముద్రయే. ఒకనాడు పరీక్షలో నెగ్గిన దని తెలుపు గౌరవచిహ్నము, పరీక్ష లోపించిన పిదప పనిలేక తిరుగువానికి పేరయ్యెను. ఒక్క తిట్టులో ఇన్ని శతాబ్దుల చరిత్ర యిమిడియున్నది.

ఆంగ్లేయుల కాలమున ఈ క్షీణతను గూర్చి చర్చ బయలుదేఱెను. 1926లో నియమితమై 1928లో నివేదిక సమర్పించిన రాజకీయ వ్యవసాయ సంఘమునకు లిన్‌లిత్‌గో ప్రభువు అధ్యక్షుడు. ఆయనయే 1936లో వైస్రాయియై వచ్చి, ధనవంతులు గ్రామములకు మేలుజాతి ఆబోతులను దానము చేయవలె నని ప్రోత్సహించెను. చెన్నరాజధానిలో 1940లో పశుగణాభివృద్ధి శాసనము పుట్టెను. నిర్ణీత వయసు వచ్చిన కోడెను ఆబోతుగ నుంచుకొనుటకు అనుమతిపత్రము కావలెను. తగనిదానికి బీజములు నొక్కింపవలెను. ఇది దాని సారాంశము. అంతకుపూర్వము కఱ్ఱల నడుమ నుంచి నలుగగొట్టెడి క్రూరవిధానము పోయి, ఇటలీదేశపు పశువైద్యుడు బర్డిజో పేరిట వెలసిన పటకారు గ్రామములకు వచ్చెను. నెత్తురు చుక్క రాలకుండ పని ముగియును. స్వాతంత్ర్యానంతరము మొదటి పంచవర్షప్రణాళికలో కీలకగ్రామ పథకము బయలుదేఱి, కొన్ని గ్రామముల నొక గుంపుగా జేసి, అచ్చట తగని కోడెలను తొలగించి మేలైన ఆబోతులనే యుంచు ప్రయత్నము జరిగెను.

అయినను శాసనమున కొక లోపము కలదు. అది జాతిని, వయసును, దేహమును చూచి అనుమతి నిచ్చునే గాని, బీజమును చూడదు. బీజమును చూచు విద్య వేఱొక త్రోవన వచ్చుచుండెను. 1677లో హాలెండుదేశస్థుడు లీవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో వీర్యకణములను మొదట చూచెను. 1780లో ఇటలీలో స్పల్లాంజానీ యనునతడు కృత్రిమముగ వీర్యమును చేర్చి ఆడుకుక్కకు చూలు కలిగించెను. మన దేశమున 1939లో మైసూరు రాజప్రాసాదపు గోశాలలో సంపత్కుమారన్ గారు ఆవులకు కృత్రిమగర్భధారణ చేసి మార్గము చూపిరి. 1949లో ఆంగ్లదేశమున పోల్జ్, స్మిత్, పార్క్స్ అను మువ్వురు, గ్లిసరిన్ కలిపినచో వీర్యకణములు గడ్డకట్టినను చావవని కనుగొనిరి. దాని ఫలితముగనే నేడు ఒక ఆబోతు వీర్యము సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో, ద్రవనత్రజనిలో, సన్నని గొట్టములలో ఏండ్లతరబడి నిలువయుండుచున్నది. అట్టి వీర్యమును తయారుచేయు కేంద్రములలో నొకటి మన నంద్యాలలోనే వెలసినది.

ఈ విద్య రాగానే పరీక్ష మఱల అత్యవసరమయ్యెను. ఏలయన ఊరి ఆబోతు చెడ్డదైనచో ఒక యూరు నష్టపడును. గొట్టములలో నింపిన ఆబోతు చెడ్డదైనచో మండలములే నష్టపడును. కనుకనే ప్రభుత్వము అట్టి కేంద్రములకు కఠిననియమములు విధించినది. కోడెను చేర్చుకొనుటకు పూర్వము కనీసము 60 దినములు వేఱుగా కట్టి రోగపరీక్షలు చేయుదురు. తీసిన వీర్యములో నూటికి 70 కణములైన చుఱుకుగ ముందునకు కదలవలెను. గడ్డకట్టించి కరగించిన పిదప నూటికి 50 యైన కదలవలెను. ఒక్కొక్క గొట్టమున రెండుకోట్ల కణములు ఉండవలెను. కౌటిల్యుని గోధ్యక్షుడు చూచినచో సంతోషించియుండును.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. కోడె ఎప్పుడు పరీక్షకు సిద్ధమగును? మనవారి కొలత పళ్లు. పాలపళ్ల కోడె, రెండు పళ్ల కోడె, నాలుగు పళ్ల కోడె, ఆఱు పళ్ల కోడె యని మన బండలాగుడు పందెములలో నేటికిని తరగతులు చేయుదురు. ఒంగోలు కోడె సుమారు రెండు రెండున్నర యేండ్లకు మొదటి రెండు పళ్లను, మూడేండ్ల ప్రాంతమున నాలుగు పళ్లను వేయును. పళ్లు వయసును చెప్పును. వయసు మాత్రము బీజమును చెప్పదు. మేత చాలని కోడె ఏండ్లు గడచినను పసిదిగనే యుండును. తగిన మేత తిన్నది ముందే పక్వమగును.

ఱంకెయు నిజము చెప్పదు. ఆవుపై ఎక్కుట వేఱు, చూలు నిలుపుట వేఱు. కోడె వీర్యములో, ఒక్కసారి విడిచినదానిలో, ఐదుకోట్ల కణములును, వానిలో నూటికి పదియైన కదలునవియు నున్న నాడు అది యౌవనమునకు వచ్చెనని శాస్త్రజ్ఞులు లెక్క. అది ఆరంభము మాత్రమే. ఆబోతుగా నంగీకరించుటకు నూటికి 30 యైన చక్కగ కదలవలెను, నూటికి 70 యైన వంకర లేని రూపముతో నుండవలెను. ఈ రెండు మెట్ల నడుమ కొన్ని నెలలు గడచును. ఈ నడిమి నెలలలోనే మనము త్వరపడి కోడెను మందకు విడుచుచున్నాము.

దీనికి బాహ్యమైన కొలత యొకటి కలదు. బీజముల తిత్తి చుట్టుకొలత. లావుపాటి భాగమున టేపు చుట్టి కొలుతురు. పాశ్చాత్యజాతి కోడెలకు పదునైదు నెలల లోపున 30 సెంటీమీటర్లు, రెండేండ్లు దాటినవానికి 34 సెంటీమీటర్లు కనీసమని నియమము. మన జాతి మెల్లగా పెరుగునది. పదునైదు నెలల ఒంగోలు కోడెకు ఆ కొలత పెట్టి తప్పినదనుట అన్యాయము. పదునెనిమిది నెలలకు పూర్వము మన కోడెను తీర్పునకు పెట్టరాదు. రెండేండ్ల ప్రాంతమున, రెండు పళ్లు వేయు వేళ, మొదటి పరీక్ష చేయింపవచ్చును. మూడేండ్లు నిండువేళ, మందకు విడుచుటకు ముందు, రెండవ పరీక్ష చేయించుట క్షేమము.

పశువైద్యుడు ఏమేమి చూచును? మొదట దేహము. కన్నులు, పళ్లు, గిట్టలు, వెనుకకాళ్ల కీళ్లు. వెనుకకాళ్ల నొప్పిగల ఆబోతు ఎంతటిదైనను ఎక్కలేదు. తరువాత బీజములు రెండును సమముగ నున్నవా, చేతికి బిగువుగ తగులుచున్నవా, వాపు గాని గట్టిగడ్డలు గాని కలవా. పిదప లోపలి గ్రంథులు. ఆ మీదట వీర్యమును తీసి సూక్ష్మదర్శినిలో చూచుట. తుదకు ఎదకు వచ్చిన ఆవు నెదుట కోడె యుత్సాహము. ఇవన్నియు కలసి ఒక పరీక్ష. ఒక్కటి చూచి ఊరకొన్నవాడు పరీక్షింపనివాడే.

ఇచ్చట రైతు తెలిసికొనవలసిన మర్మ మొకటి కలదు. కోడె దేహమున ఒక వీర్యకణము పుట్టి రూపు దాల్చుటకు సుమారు 61 దినములును, నాళములలో ప్రయాణించి బయటికి వచ్చుటకు మఱికొన్ని దినములును పట్టును. కనుక నేడు చూచిన వీర్యము రెండునెలల క్రిందటి ఆరోగ్యమును చెప్పును. వైశాఖమున మన సీమ యెండలో బడలిన కోడెకు, గాలికుంటు జ్వరము తగిలిన కోడెకు, ఆ నష్టము కొన్ని వారముల పిదప కనబడును. అందుచేతనే మొదటిసారి తప్పిన కోడెను వెంటనే కటికవానికి తోలరాదు. రెండు నెలలు నీడను, మేతను, విశ్రాంతిని ఇచ్చి మరల పరీక్షింపవలెను. ఆవులు ఎదకు వచ్చు కాలమునకు రెండునెలల ముందే పరీక్ష చేయించుటకును కారణ మిదియే. తప్పినచో వేఱొక ఆబోతును వెదకుకొనుటకు వ్యవధి యుండును.

రోగపరీక్ష యింకను ముఖ్యము. ఈసుకపోవు రోగమును మీరెఱుగుదురు. చూడి ఆవు నెలలు నిండకయే దూడను వేయును. 1897లో డెన్మార్కు వైద్యుడు బాంగ్ దీని క్రిమిని ఆవులలో కనుగొనెను. నేడు దీనిని బ్రూసెల్లా యందురు. ఆబోతు బీజములలో ఈ క్రిమి దాగియుండవచ్చును. పైకి జబ్బేమియు కానరాదు. ఆ పశువుల మాయను వట్టిచేతులతో తీసినవారికిని, కాచని పాలు త్రాగినవారికిని ఇది సోకి, వచ్చుచు పోవుచు నుండు జ్వరమును, కీళ్లనొప్పులను తెచ్చును. నాలుగు నెలలు నిండి ఎనిమిది నెలలు దాటని పెయ్యలకు దీనికి టీకా కలదు; కోడెలకు వేయరాదు. కనుక కోడె విషయమున రక్తపరీక్షయే శరణ్యము. క్షయ, జోనె వ్యాధి, ఆవుల గర్భసంచిని పాడుచేయు ట్రైకొమోనాస్, కాంపిలోబాక్టర్ అను క్రిములు, వీనిని గూడ పరీక్షింపవలెను. ఊరంతటికి ఒక్క ఆబోతు ఉన్నచోట, ఆ ఒక్కటి రోగి యైనచో ప్రతి దొడ్డికి రోగమును మోయును.

పరీక్ష లేనందున కలుగు నష్టమును లెక్క కట్టుదము. ఒక యూర 60 ఆవు లున్న వనుకొనుడు. ఆబోతు బీజము పనికిరానిది. ఎదకు వచ్చిన ఆవు కట్టును, 21 దినములకు మరల ఎదకు వచ్చును. ఇట్లు మూడుసార్లు జరిగినచో ఒక్కొక్క ఆవునకు 63 దినములు వ్యర్థము. అఱువది ఆవులకు 3,780 దినములు. పదిసంవత్సరములకు మించిన కాలము ఒక్క కారులో ఊరివారి మేతను తిని ఊరకే పోయినది! ధననష్ట మటుండనిండు. చూలు నిలువని ఆవును మన మేమనుచున్నాము? గొడ్డుటావు అనుచున్నాము. ఆ పేరు పెట్టి సంతకు తోలుచున్నాము. తప్పు ఆబోతుది, శిక్ష ఆవుకు. ఊర చాల ఆవులు ఒక్కసారి తిరుగగట్టినచో మొదట ఆబోతును అనుమానింపవలె ననునది ఈ ప్రసంగములో మీరు మఱువరాని మాట.

మన జాతి విలువను పరదేశీయు లెట్లు కాపాడుకొనిరో చూడుడు. ఒంగోలు పశువులు నెల్లూరు పేరిట బ్రెజిల్ దేశమునకు పోయి అచ్చట నెలోర్ అను జాతియై వర్ధిల్లినవి. 1960ల దశకారంభమున ఒంగోలునకు చేరువ నున్న కరవది గ్రామపు పేరుతో నొక గిత్త అచ్చటికి చేరి, వేలకొలది పశువులకు మూలపురుషుడయ్యెను. నేడు ఆ దేశపు మాంసపుమందలలో అధికభాగము ఈ నెత్తురే. వారు ఏడాది, ఏడాదిన్నర వయసుననే ప్రతి కోడె బీజములను కొలిచి పుస్తకములలో వ్రాసి, త్వరగా పక్వమగు తండ్రుల సంతానమునే యేరుచు వచ్చిరి. విత్తు మనది. లెక్క వారిది. ఇచ్చట మనమో, బండ లాగి బహుమానము గెలిచిన గిత్తను చూచి, ఇదియే మందకు తండ్రి యనుకొందుము. కండబలము వేఱు, బీజబలము వేఱు. దళారి మాట విని కోడెను కొనుట, ఎద్దు ఈనిన దన్న గాటికి కట్టివేయు మన్నట్లే యుండును.

కావున గ్రామపెద్దలకు నా విన్నప మిది. కోడెదూడను ఎన్నునప్పుడు తల్లి పాడిని, ఈతలను చూడుడు. అది విష్ణుస్మృతి మాట. రెండు పళ్ల వేళ పశువైద్యుని పిలిచి కొలిపింపుడు. మూడేండ్ల వేళ వీర్యమును, రక్తమును పరీక్షింపించిన పిదపనే మందకు విడువుడు. మొదటి యేట పది పదునైదు ఆవులకు మించి అప్పగింపకుడు. ఏటేట పరీక్ష మరల చేయింపుడు. ఏ ఆవు ఏనాడు కట్టినది, ఏనాడు ఈనినది యను లెక్కను ఊర నొకరు వ్రాసి యుంచుడు. తగని కోడెను జాలిపడి మందలో నుంచకుడు. ఎద్దుగా జేసి కాడి కట్టినచో అదియు గౌరవముగ బ్రదుకును.

వృషభమును పూజించుట మనకు తెలిసిన విద్యయే. పూజకు ముందు పరీక్ష యుండవలె నని చెప్పినవారును మన పూర్వులే. వారికి లేని సాధనములు నేడు మనకు మండలకేంద్రము దూరమున నున్నవి. వాడుకొన్నచో అచ్చోసిన ఆబోతు అను మాట మరల గౌరవవాచకము కావచ్చును.